ఖాసింబి పక్కన

ఎమ్మిగనూరు రోడ్డు మీద పత్తి లారీ దాటిపోయినప్పుడల్లా నా గొంతులో పాత దురద లేస్తుంది. దుమ్మూ నూనే కలిసిన పచ్చి పత్తి వాసన అది. వెంటనే ఖాసింబి గుర్తొస్తుంది.

డెబ్బైల్లో వరసగా వానలు తప్పిన కాలంలో, నేనూ నా భర్తా చంటిబిడ్డతో కోసిగి నుంచి ఆదోనికి వచ్చాం. ఆయన హమాలీ పనికి తిరిగేవాడు. నేను మిల్లులో పత్తిలోంచి చెత్త ఏరే పనికి కుదిరాను. హొళగుంద నుంచి వచ్చిన ఖాసింబి నా పక్కన కూర్చునేది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. మొదటిరోజు మధ్యాహ్నం నేను ఏమీ తినకుండా గోడకు ఆనుకుని ఉంటే, తన జొన్నరొట్టె తుంచి నా ఒళ్లో పెట్టింది. "తినుమ్మా. పాలిచ్చేదానివి," అంది.

మేస్త్రికి మా పేర్లు అక్కర్లేదు. వలస వచ్చిన ఆడవాళ్లందరినీ "ఏయ్ కరువుదానా" అనే పిలిచేవాడు. మేం పలికేవాళ్లం. ఆకలి మీద ఉన్నవాళ్లకు ఏ పిలుపైనా పిలుపేనని అనుకునేదాన్ని. ఒకరోజు ఖాసింబి పలకలేదు. అతను మళ్లీ అరిచాడు. ఆమె పత్తి ఏరుతూనే, "నా పేరు ఖాసింబి. పేరు పెట్టి పిలిస్తే వస్తానప్పా," అంది. భయంతో నేను ఆమె కొంగు లాగాను. "రేపటి నుంచి నీకు పని లేదు పో," అన్నాడు మేస్త్రి.

మర్నాడు ఆమె మాతోపాటే గేటు ముందు నిలబడింది. మేస్త్రి ఆమెను చూడనట్టే నా వైపు వేలు చూపి, "ఏయ్ కరువుదానా, లోపలికి నడువు," అన్నాడు. కొన్నాళ్లుగా నా భర్తకు పని లేదు. ఇంట్లో గింజ లేదు. నేను ఖాసింబి వైపు చూశాను.

"పోమ్మా, నీకు బిడ్డ ఉండాది," అంది ఖాసింబి మెల్లగా.

ఆ మాటతో నేను కదల్లేకపోయాను. "నా పేరు లక్ష్మి," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. వెనకనుంచి ఇంకొకామె, "నా పేరు ఉరుకుందమ్మ," అంది. ఒక్కొక్కరే చెప్పసాగారు. ఎవరూ లోపలికి పోలేదు. పత్తిబండ్లు వచ్చి మా వెనక ఆగిపోయాయి. చాలాసేపటికి మేస్త్రి మొహం పక్కకు తిప్పుకుని, "లక్ష్మీ, రా," అన్నాడు. అందరినీ పేర్లతోనే పిలిచాడు, ఖాసింబిని తప్ప. మేం మళ్లీ ఆగిపోయాం. ఆమే కసిరింది. "పోండి. ఇండ్లల్లో పొయ్యిలు ఎలగాల."

ఆమెకు పని దొరికేదాకా మేం వంతులు వేసుకుని రొట్టె పెట్టాం. తర్వాత ఎమ్మిగనూరులో నేతగాళ్ల దగ్గర నూలు చుట్టే పనికి వెళ్లిపోయింది. మరుసటి ఏడు అక్కడి సంతలో కనబడితే ఏడ్చాను. "మా పని నిలిచె, నీ పని పోయె కదక్కా," అన్నాను.

"పని ఈడ కాకుంటే ఆడ. ఆ పొద్దు మీరు నిలబడకుంటే, యాడికి పోయినా తల దించుకునే పోయేదాన్ని," అంది.

ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరి ముందైనా గొంతు పెగలకపోతే, మొదట నా పేరు చెప్తాను. తర్వాతి మాట దానంతటదే వస్తుంది.