మా రేవులో ఆఖరి పడవ

మీరు ప్రాణంగా చూసుకునే వస్తువును కాపాడుకోవాలంటే దాన్ని నీట ముంచక తప్పదని ఎవరైనా చెబితే, మీరు ముంచగలరా? అలా ముంచేవాళ్ళ మధ్యనే పుట్టి పెరిగాను కనుక ఈ ప్రశ్న అడిగే అర్హత నాకు ఉందనుకుంటాను. మొన్న నరసరావుపేటలో మా వీధివాళ్ళ ఫోన్లన్నీ ఒక్కసారే మోగి, తుఫాను తీరం దాటబోతున్నదని హెచ్చరించాయి. ఎదురింటి అమ్మాయి డాబా మీది పూలకుండీలను ఒక్కొక్కటిగా కిందికి దించుకోవడం కిటికీలోంచి చూస్తుంటే, పందొమ్మిది వందల నలభైలలో కృష్ణ ఒడ్డున మా రేవులో మగవాళ్ళు వరసగా నిలబడి పడవల్లోకి నాపరాళ్ళు దించుతున్న దృశ్యం నా కళ్ళ ముందు నిలిచింది.

మా ఊరు గురజాలకు ఉత్తరాన, ఏటి ఒడ్డున ఉండేది. అవతలి గట్టు నైజాం రాజ్యం. మా వాళ్ళంతా తెరచాప పడవలు ఉన్నవాళ్ళు. నాపరాళ్ళు, జొన్నలు, వేరుశనగ, పెళ్ళివారు, పశువులు, దేన్నయినా ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు చేర్చి బతికేవాళ్ళు. తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఆరవేసిన తెరచాపల ఎర్రటి రంగు, ఆ ఘాటైన వగరు వాసన నా తరంవాళ్ళు ఎవరైనా ఈ మాట చదువుతుంటే వాళ్ళకు కూడా గుర్తుకు వచ్చే ఉంటాయి. సముద్రం మాకు చాలా దూరమే అయినా, కార్తీకంలో తూర్పున పుట్టిన గాలివాన మా దాకా వచ్చేది. వచ్చినప్పుడు ఒడ్డున కట్టిన పడవను బండలకేసి బాది ముక్కలు చేసేది. అందుకని గాలి రాకముందే పడవలను వాగు ఏట్లో కలిసే మొగ దగ్గరి లోతు తక్కువ మడుగులోకి తెచ్చి, తెరచాప విప్పి, కొయ్య దించి, చుక్కాని ఊడదీసి, కడుపు నిండా రాళ్ళు పేర్చి, కుండలతో నీళ్ళు పోసి ఇసుకలోకి దింపేసేవాళ్ళు. మునిగిన పడవను ఏ గాలీ ఏమీ చేయలేదు. అయితే ముంచడమనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు, పడవను పడుకోబెట్టడం అనేవాళ్ళు. గాలి తగ్గాక లేపడం అనేవాళ్ళు.

దీనికొక కట్టుబాటు ఉండేది. ఎవరి పడవను వాళ్ళు పడుకోబెట్టకూడదు, పక్కింటివాళ్ళే చేయాలి. చిన్నప్పుడు నేను కారణం అడిగితే మా నాన్న చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ నచ్చుతుంది: సొంతదారుడికి చేయి రాదు, నాలుగు రాళ్ళు తక్కువ వేస్తాడు, సగం మునిగిన పడవ పూర్తిగా పోతుంది.

రెండో కట్టుబాటు మాత్రం నాకు ఏనాడూ నచ్చలేదు. అన్ని పడవలూ పడుకున్నాక ఒక్కటి మాత్రం తేలుతూ ఉండాలి. అవతలి ఒడ్డున మన ఊరివాళ్ళు ఎవరైనా చిక్కుకుపోతే వాళ్ళను తేవడానికి అది ఆఖరి పడవ. దానికి వంతులుండేవి. వంతు వచ్చినవాళ్ళ పడవ దక్కితే అదృష్టం, పోతే వాళ్ళ ఖర్మ. నేను బడిలో ఉన్న రోజుల్లో ఒక పెద్ద గాలివానకు వరసకు మామ అయ్యే ఒకాయన పడవ అలాగే పోయింది. అవతలినుంచి జనాన్ని దించిన మనిషి మరునాడు పొద్దున ఒట్టి చుక్కాని భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళాడు. అయ్యో అన్నవాళ్ళే కానీ ఆయనకు ఒక్క చెక్క ఇచ్చినవాళ్ళు లేరు. ఆయన కొన్నాళ్ళు కూలికి వెళ్ళి, చివరికి నడికుడి దగ్గర రైలు గేటు కాపలా పనిలో కుదురుకున్నాడు.

మా నాన్న నన్ను గుంటూరులో ఇంటర్మీడియట్ చదివించాడు. పడవవాళ్ళ ఇంట్లో ఆడపిల్లను అంత దూరం పంపడం ఆ రోజుల్లో ఎంతటి సాహసమో నా ఈడువాళ్ళకు వివరించనక్కరలేదు. కాలేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది శనివారం మధ్యాహ్నాల డిబేటు. ఒక కట్టుబాటు ఎంత పాతదన్నది దానికి సమర్థన కాదనీ, దాని భారం ఎవరి మీద పడుతున్నదో ముందు చూడాలనీ నేను నేర్చుకున్నది అక్కడే. నేర్పిన మాస్టారికి ఈనాటికీ మనసులో నమస్కారం చేసుకుంటాను.

సెలవులకు ఇంటికి వచ్చిన ఒకసారి, రైలు గేటు మామే పొద్దున్నే సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చి, స్టేషనుకు తంతి వచ్చిందనీ, పెద్ద గాలివాన పడబోతున్నదనీ చెప్పాడు. మాకు రేడియో లేదు. మా రేవు తనకు ఏమీ చేయకపోయినా ఆ మనిషి మాకు కబురు తెచ్చాడన్న సంగతి నాకు ఆ క్షణంలోనే గుచ్చుకుంది. మధ్యాహ్నానికి పడవలు ఒక్కొక్కటిగా పడుకుంటున్నాయి. పడవల్లో కాళ్ళ కింద పరిచి ఉండే అడుగు పలకలు ముందుగానే పీకి ఒడ్డున ఎవరివి వాళ్ళవిగా పేర్చి ఉన్నాయి. వాటిని లోపలే వదిలేస్తే తేలిపోతాయి కదా. తెరచాపలను మాత్రం ఊళ్ళో నాపరాళ్ళ కప్పున్న ఒకే ఒక్క కట్టడమైన ప్రార్థన మందిరంలోకి ఆడవాళ్ళు మోస్తున్నారు.

ఆ ఏడు ఆఖరి పడవ వంతు మా మేనత్తది. భర్త పోయాక చుక్కాని తానే పట్టిన మనిషి. ఆమెకు పొలం లేదు, పిల్లలు లేరు, ఆ ఒక్క పడవే ఆధారం. అవతల వేరుశనగ పీకడానికి పొద్దున్నే వెళ్ళిన ఆడకూలీలు ఇంకా రాలేదు. వాళ్ళలో మా అమ్మ ఉంది.

మీరే చెప్పండి, మా అమ్మ రావాలని కోరుకోకుండా ఉండగలనా? అందుకోసం మా అత్త బతుకు పణంగా పెట్టమని అడగగలనా? అత్త మాత్రం చీర కొంగు బిగించి పడవ ఎక్కబోతున్నది. నేను అందరి ముందుకూ వెళ్ళి, రేవు పెద్ద, వరసకు నాకు పెదనాన్న అయ్యే ఆయనను అడిగాను.

"పెదనాన్నా, ఈ పడవ పోతే నష్టం ఎవరిది?"

"వంతు ఎవరిదైతే వాళ్ళది. కొత్తగా అడుగుతావేందమ్మా?"

"తెచ్చేది అందరి మనుషుల్ని. పోయేది ఒక్కరిదా?"

"అదిగో, ఆడపిల్లని గుంటూరు పంపితే ఇదే తంతు. ఇదేమన్నా మీ కాలేజీ పోటీ అనుకున్నావా? గాలి తోసుకొస్తంది, పక్కకి తప్పుకో."

అత్త పడవలోంచే నవ్వింది. "ఏమే కోడలా, అక్కడ గెలిచింది చాలక ఇక్కడ కూడా కప్పు కావాలంటావా? మీ అమ్మని తెచ్చినాక తీరిగ్గా వాదించుకుందాం."

నేను తప్పుకోలేదు. పడవలన్నీ పడుకున్నాయంటే ఆ ఒక్కటీ మేలుకుని ఉన్నందువల్లనే కదా, అలాంటప్పుడు అది ఈ పూటకు రేవులో అందరి పడవ ఎందుకు కాకూడదని అడిగాను. పెదనాన్న కోపంగానే అయినా న్యాయమైన మాటే అన్నాడు, ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే.

"ఇయ్యాల దీనికి మాటిస్తే, రేపటేడు వచ్చే వంతుకీ ఇయ్యాల్సిందే. ఆ పై ఏడు కూడా. ఒప్పుకుంటారా అందరూ?"

"ఇవ్వాలి పెదనాన్నా. నేనడిగేదీ అదే."

అప్పుడు సైకిలు పట్టుకుని వెనక నిలబడి ఉన్న గేటు మామ గొంతు వినిపించింది. "నా పడవ పోయిన నాడు ఈ మాట అడిగినోళ్ళు ఒక్కళ్ళు లేరురా. అడిగుంటే నేనివాళ రైలుకి జెండా ఊపుకుంటా కూకునేవాణ్ణి కాదు."

పెదనాన్న తన పలకల దొంతర దగ్గరికి నడిచి, పైనున్న మద్దిపలకను తీసుకువచ్చి మా అత్త పడవ ముందు ఇసుక మీద పెట్టాడు. "చెల్లెమ్మా, ఇది నీది. నీ పడవ నిలబడితే నేను తిరిగి మోసుకుపోతా. లేకపోతే లేదు." ఆ వెనక మా నాన్న వేపపలక తెచ్చాడు. ఆ తరవాత ఇంకొకరు, మరొకరు. చూస్తుండగానే ప్రతి ఇంటి పలకా అక్కడికి చేరింది. ఎవరూ ఉపన్యాసాలు చెప్పలేదు. ఆ చెక్క మీద చెక్క పడుతున్న చప్పుడు నేను విన్న చప్పట్లన్నిటికంటే గొప్పది.

నాన్న తెరచాప తాడు పట్టాడు, అత్త చుక్కాని పట్టింది, ఇద్దరు తెడ్లు వేశారు. సగం విప్పిన తెరచాపతో పడవ అవతలికి చేరడం చూశాం, ఆ తరవాత వాన తెర అడ్డుపడి ఏమీ కనబడలేదు. తిరిగి కనబడేసరికి తెరచాప చిరిగి పీలికలై ఉంది, నాన్న దాని తాడు తెగకోశాడు, తెడ్లతోనే లాగుతున్నారు. గాలి ఒక్కొక్కసారి పడవను పక్కకు తిప్పేస్తుంటే అత్త చుక్కాని మీద పడుకున్నట్టుగా వంగి దాన్ని దారిలో పెడుతున్నది. రేవు దగ్గర మగవాళ్ళు నడుము లోతు నీళ్ళలోకి దిగి అంచు పట్టుకున్నారు. వేరుశనగ మూటలు వదలకుండానే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు దూకారు. మా అమ్మ నా భుజం పట్టుకుని ఒడ్డెక్కింది.

పడవను పడుకోబెట్టడానికి వ్యవధి లేకపోయింది. రాళ్ళు అందుకుంటుండగానే వచ్చిన ఒక్క విసురు దాన్ని ఎత్తి బండ మీద పడేసింది. ఒక పక్కంతా విరిగిపోయింది. అత్త తడిసిన జుట్టు మొహం మీదినుంచి తోసుకుని ఒక్క మాటే అడిగింది. "అందరూ దిగారా?" దిగారని చెప్పాక, మందిరం వైపు వెనక్కి చూడకుండా నడిచింది.

గాలి తగ్గేదాకా ఊరంతా ఆ మందిరంలోనే, అత్తకిచ్చిన పలకలను గోడకు చేర్చి, తెరచాపలు పరుచుకుని, ఒకరి తడి ఒకరికి తగులుతూ కూర్చున్నాం. అమ్మ మూట విప్పి పచ్చి వేరుశనగ పంచుతూ, పెదనాన్నకు పెట్టేటప్పుడు మాత్రం, "తినండి బావగారూ, చానా ఖరీదైన కాయలు ఇయ్యి, పడవ పెట్టి కొన్నాం," అన్నది. ముందుగా నవ్వింది మా అత్తే.

ఏరు నెమ్మదించాక అందరి పడవలనూ లేపారు, అత్తకిచ్చిన పలకలన్నీ మందిరంలోనే ఉన్నాయి, ఎవరూ తిరిగి అడగలేదు. వడ్రంగి ఇంటికొక మనిషి చొప్పున సాయం పట్టగా విరిగిన పక్కను కట్టాడు. టేకు, మద్ది, వేప, తుమ్మ, ఒక్కో పలకదీ ఒక్కో రంగు. క్రిస్మస్ నాటికి అది నీళ్ళలోకి దిగినప్పుడు కుర్రకారు దానికి బొంతపడవ అని పేరు పెట్టారు. "బొంతేరా వెచ్చగా ఉండేది," అని అత్త వాళ్ళ నోళ్ళు మూయించింది. పాత చుక్కాని బండ మీద పడి చీలిపోయింది కనుక ఆమెకు కొత్తది కావలసి వచ్చింది. గేటు మామ నడికుడి నుంచి బండిలో తెచ్చి ఇచ్చింది తన పడవ చుక్కానినే. అన్నేళ్ళూ దాన్ని ఇంటి దూలానికి కట్టి దాచుకున్నాడట. ఆ రోజు రేవు పెద్దలు ఆయనను లోపలికి పిలిచి భోజనాల మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. ఆలస్యంగానైనా.

తరవాతి ఏళ్ళలో మా రేవులో ఆఖరి పడవ మరి రెండుసార్లు దెబ్బతిన్నది, రెండుసార్లూ పలకలు చేరాయి. నేను ఉద్యోగం చేసి, పిల్లలను పెంచి, ముసలిదాన్నయ్యాను. ప్రాజెక్టు నీళ్ళు వచ్చి మా రేవును, మందిరాన్ని తమలో కలుపుకున్నాయి. తెరచాప అంటే ఏమిటో మా మనవలకు బొమ్మ గీసి చూపించవలసి వస్తున్నది. నన్ను మాట్లాడనిచ్చిన మా నాన్నకు, మాట మార్చుకునే ధైర్యం చూపిన పెదనాన్నకు, వాదం తేలకముందే పడవ ఎక్కిన మా అత్తకు నేను పడిన రుణం ఈ నాలుగు మాటలతో తీరదని నాకు తెలుసు.

ఇప్పుడు తుఫాను కబురు మూడు రోజుల ముందే మన జేబులోకి వస్తున్నది, అందుకు సంతోషమే. కానీ ఆ కబురు రాగానే మనం ఎవరి తలుపులు వాళ్ళం వేసుకుంటున్నాం. ఆ గాలిలో స్తంభం ఎక్కే లైన్‌మాన్, వాగు దగ్గర తాడు పట్టుకుని నిలబడే మనిషి, సొంత ట్రాక్టరు మీద ముసలివాళ్ళను బడికి చేర్చే రైతు, వీళ్ళు మన ఆఖరి పడవలు. వాళ్ళ వస్తువు పాడైతే, ఒళ్ళు విరిగితే, ఆ నష్టం ఎవరిదని మనం అడగడం లేదు. కనుక నాదొక విన్నపం. ఈసారి తుఫాను హెచ్చరిక రాగానే, తలుపు వేసుకోవడానికి ముందు, మీ వీధికోసం బయట ఉండబోయేది ఎవరో కనుక్కోండి. నలుగురిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళండి. మీకేదైనా అయితే అది మా అందరిదీ అని, గాలి మొదలవక ముందే మాట ఇచ్చి రండి.