ఏడు మేకుల గోడ

ఇల్లు ఎలా సర్దుకోవాలో మా కాలనీ ఆడవాళ్ళకు నేర్పడానికి ఒక దొరసాని వచ్చింది. దొరసాని అంటే బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసరు భార్య. ఆమె బంగళాలో గదులు ఎనిమిదని అక్కడ అంట్లు తోమే మనిషి చెప్పింది. ఉండేది దొర, దొరసాని, ఒక కుక్క. కుక్కకు కూడా ఒక గది ఉందట. మా క్వార్టరులో గదులు రెండు, మేం ఏడుగురం. సర్దుకోవడం ఎవరు ఎవరికి నేర్పాలో ఆ రోజున నాకు తోచలేదు. ఇరవై రెండేళ్ళదాన్ని, మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఆ రెండూ కలిస్తే మనిషికి ఏదీ తోచదు.

ఇది డెబ్బైలలో మాట. గోదావరిఖనిలో వరసగా క్వార్టర్లు లేస్తున్న కాలం. అత్తమ్మ, మామ, మా ఆయన, మరిది, నేను, మా ఇద్దరు పిల్లలు, ఇదీ ఇల్లు. మగవాళ్ళు ముగ్గురూ బాయి పనివాళ్ళే. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకరు తింటుంటే ఒకరు ఒళ్ళు తోముకునేవారు, ఒకరు గురక పెట్టేవారు. ఉన్న ఒక్క మంచం ముగ్గురికీ సరిపోయేది. అది చల్లబడింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ రెండు గదుల్ని ఆమె నడిపిన తీరు చూస్తే ఏ ఆఫీసరైనా సిగ్గుపడాలి. మంచం కోళ్ళ కింద నాలుగేసి ఇటుకలు పెట్టి, ఆ కింద బియ్యం బస్తా, ట్రంకు పెట్టె, ఉల్లిగడ్డల గంప తోసేది. బొగ్గు పేల్చే మందు వచ్చే చెక్కపెట్టెలు ఖాళీవి తెచ్చి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, గిన్నెల అల్మారా చేసింది. తలుపు వెనక ఒక గోనెసంచి వేలాడేది. దానికి మా మగవాళ్ళ చినిగిన ప్యాంట్ల జేబులన్నీ కోసి కుట్టింది. ఒక జేబులో దువ్వెన, ఒక జేబులో బలపాలు, ఒక జేబులో లాంతరు వత్తులు. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసింది దొరికేది.

అన్నిటికీ మించింది గోడ. గుమ్మం పక్క గోడకు ఏడు మేకులు, ఎవరి ఎత్తుకు వాళ్ళ మేకు. పిల్లలు పొడుగవుతుంటే వాళ్ళ మేకు పీకి నాలుగు వేళ్ళు పైకి కొట్టేది. పాత చిల్లులు చూసి పిల్లలెంత పెరిగారో చెప్పేది. బాయికి పోయే ముగ్గురి మేకులకూ సద్ది డబ్బాలు తగిలించేవాళ్ళు. డబ్బా లేకపోతే మనిషి బాయిలో ఉన్నాడు. డబ్బా ఊరికే వేలాడుతుంటే మనిషి పడుకున్నాడు, రాబోయే షిఫ్టు సైరన్‌కు ముందు లేపాలి. డబ్బా మీద తువ్వాల కప్పి ఉంటే సైరన్ కూసినా లేపొద్దు. అంతే. సైరన్ దానంతట అది ఎవర్నీ లేపదా అని మీరడగొచ్చు. ఆ ఊళ్ళో పుట్టిన పసిపిల్లలే సైరన్‌కు నిద్రపోయేవాళ్ళు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఒక్కదాన్ని ఉలిక్కిపడేదాన్ని. తర్వాత నాకూ అది వినపడడం మానేసింది.

ఈ ఏర్పాటు ఎంత బాగా సాగిందంటే, మా ఇంట్లో మగవాళ్ళు "నన్ను లేపండి" అని నోటితో చెప్పే అలవాటే మర్చిపోయారు.

దొరసాని క్లబ్బు ముందు షామియానా కింద మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చుని చెప్పింది. ఆమెది కృష్ణా వైపు మాట.

"చూడండమ్మా, గోడ అంటే ఇంటికి ముఖం. ముఖం నిండా మొటిమలుంటే బాగుంటుందా? మేకులూ అంతే. మనం ఇంట్లోకి అడుగు పెట్టగానే సామాను కనపడకూడదు. ఇల్లు కనపడాలి."

అత్తమ్మ వెనక వరసలో లేచి నిలబడింది. "దొరసానీ, మనుషులు కనవడొచ్చునా?"

ఆడవాళ్ళందరూ నవ్వారు. దొరసాని కూడా నవ్వింది.

చివర్లో పోటీ సంగతి బయట పెట్టారు. అన్నిటికంటే పొందికైన క్వార్టరుకు నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్. వచ్చే వారం దొరసానే జీపులో వచ్చి చూస్తుంది. పంచిన కరపత్రాన్ని మా లైనులో చదవగలిగింది నేనొక్కదాన్నే. నలుగుర్ని కూర్చోబెట్టి గొంతు పెంచి చదివాను. చదివిన కొద్దీ అందులోని మాటలన్నీ నేనే రాసినట్టు అనిపించింది.

ఇక్కడ మా మరిది సంగతి చెప్పాలి. అతను బదిలీ పనివాడు. అంటే పర్మినెంటు వాళ్ళెవరైనా రాకపోతే ఆ ఖాళీలో దిగేవాడు. షిఫ్టు మొదలయ్యే ముందే బాయి దగ్గర నిలబడాలి. గుమాస్తా పేరు పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. లోపలికి దిగిన ప్రతిసారీ ఒక మస్టరు, అంటే హాజరు, పడుతుంది. కావలసినన్ని మస్టర్లు పడినవాళ్ళ పేర్లు ఏడాదికొకసారి జాబితాలో చేరి పైకి పోతాయి, వాళ్ళు పర్మినెంటు అవుతారు. ఆ ఏటి జాబితా పోయే వారంలో మరిదికి ఇంక రెండే మస్టర్లు తక్కువ. శ్రీరాంపూర్‌లో ఒక పిల్లను చూసి వచ్చాం. పిల్ల తండ్రి కూడా బాయి మనిషే. "జాబితాల పేరు రానియ్యండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. మరిది ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తేవాడు కాదు కానీ, ఆ వారమంతా రెండుపూటలా తల దువ్వుకున్నాడు. రాత్రంతా బొగ్గు మోసేవాడికి దువ్వెనతో పనేమిటో మాకందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే మంచిర్యాలలో అత్తమ్మ చెల్లెలి కూతురికి నొప్పులొచ్చాయని కబురొచ్చింది. అత్తమ్మ, మామ బయలుదేరారు. గుమ్మం దాటుతూ అత్తమ్మ ఒకటే మాట అంది.

"పిల్లా, గోడ మీద కన్నుంచు. చిన్నోనివి ఇంక రెండే మస్టర్లు."

"నేను చూస్త గద అత్తమ్మా" అన్నాను.

వాళ్ళు సందు మలుపు తిరగగానే మామ సుత్తి తీసి ఏడు మేకులూ పీకేశాను.

చిల్లుల్లో సున్నం ముద్ద కూరాను. గోడకు నీలిమందు కలిపిన సున్నం కొట్టాను. జేబుల సంచి మడిచి ట్రంకు పెట్టెలో పెట్టాను. డబ్బాలు, తువ్వాలలు, పలకలు, లోటాలు, బూట్లు, అన్నీ పెట్టెలోకే. మూత పడకపోతే ఇద్దరు పిల్లల్నీ దాని మీద కూర్చోబెట్టాను. మర్నాడు తెల్లవారుజామున మా ఆయన మొదటి షిఫ్టుకు లేచి ఇల్లంతా తడుముకున్నాడు.

"నా తువ్వాల ఏదే?"

"పెట్టెల."

"బూట్లు?"

"పెట్టెల."

"డ్యూటీ నుంచి వచ్చినంక నేను గుడ పెట్టెల్నే పండాల్నా?"

"ఒక్క దినం ఓర్సుకోరాదు. ఇయ్యాల దొరసాని వస్తది" అన్నాను.

అతను పోయిన కాసేపటికి మరిది రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. స్నానం చేశాడు, తిన్నాడు. ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. కళ్ళు సగం మూసుకుపోతున్నాయి.

"వదినె, నా మేకేది?"

"పీకేసిన. డబ్బా గిటియ్యి."

ఒక క్షణం గోడ వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. నా చేతికిచ్చి మంచం మీద పడిపోయాడు. వారం నుంచి రాత్రి షిఫ్టుకే పోతున్నాడు కాబట్టి ఆ రాత్రి కూడా పోతాడులే అనుకున్నాను. డబ్బా తోమి పెట్టె అడుగున పెట్టాను. తువ్వాల కప్పకుండా ఇచ్చాడన్న సంగతి నాకు తట్టలేదు. మేకు ఉండి ఉంటే ఆ డబ్బా ఊరికే వేలాడుతూ చెప్పేది. చేతికిచ్చిన డబ్బా ఏం చెబుతుంది? అంట్లలో వెయ్యమని చెబుతుంది.

మధ్యాహ్నం మా పెద్దది పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, జీపు ముందటి లైనుకు వచ్చింది!"

అప్పుడు చూశాను. నున్నటి గోడలు, అలికిన గడప, ఎక్కడా ఒక గుడ్డపేలిక లేదు. గది నడిమధ్యన నోరు తెరిచి, కాళ్ళు చాపి, ఒక మగమనిషి. కరపత్రం మొత్తం గుర్తు తెచ్చుకున్నాను. పడుకున్న మనిషిని ఏ పెట్టెలో పెట్టాలో అందులో రాయలేదు.

పక్కింటి అక్కను కేకేశాను. ఆమె కూడా మేకులన్నీ పీకేసి, వాళ్ళ చర్చి క్యాలెండరును ఎక్కడ తగిలించాలో తెలియక పొద్దున్నుంచీ చేతిలో పట్టుకుని తిరుగుతోంది. క్యాలెండరు చంకలో పెట్టుకుని వచ్చింది.

"అక్కా, ఆ దిక్కు పట్టు. మీ పెరట్ల ఏద్దాం."

"లేస్తే?"

"లేవడు. సైరన్‌కే లేవడు, నీకూ నాకూ లేస్తడా?"

ఇద్దరం మంచం ఎత్తాం. లేవలేదు. పెరటి గుమ్మంలో ఒక కోడు తగిలింది, లేవలేదు. వాళ్ళ పెరట్లో నీడ చూసి దించి, ఈగలు ముసురుతాయని తలనుంచి పాదాల దాకా తెల్ల దుప్పటి కప్పాం.

దొరసాని వచ్చింది. గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని నాలుగు గోడలూ చూసింది.

"ఎంత బాగుందమ్మాయ్! ఎంతమంది మీరు?"

"ఏడుగురమండి." ఆమె మాటకు తగ్గట్టు నేను కూడా 'అండి' తగిలించాను.

"ఏడుగురున్నట్టే లేదే!"

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత తలచుకుంటే ఆ రోజు ఇంట్లో ఎవరైనా అన్న నిజం అదొక్కటే. చాయ్ ఇద్దామంటే లోటాలు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరిస్తే సామాను గదంతా పొర్లుతుంది. అందుకని చాయ్ సంగతే ఎత్తకుండా నవ్వుతూ నిలబడ్డాను. ఆమె పెరటి వైపు వచ్చి గోడ అవతలికి చూసింది. ఒక్కసారి వెనక్కు జరిగింది.

"అయ్యయ్యో, పక్కింట్లో ఎవరైనా పోయారా?"

"లేదండి. మా మరిది. సర్దినం."

అప్పుడే రెండో షిఫ్టు సైరన్ కూసింది. దొరసాని రెండు చెవులూ మూసుకుంది. అవతల దుప్పటి కదల్లేదు. జీపు వెళ్ళిపోయింది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. గుమ్మంలో అలవాటుగా గోడ చూశాడు. ఖాళీ.

"పోయిండా?"

"ఎవలు?"

"తమ్ముడే! రెండో షిఫ్టుకు. రాత్రి షిఫ్టుల ఇంక జాగ లేదట. రెండో షిఫ్టుకు మనుషులు తక్కువున్నరు రమ్మని గుమాస్తా చెప్పిండు. పొద్దుగాల బాయి కాడ కలిసినప్పుడు వాడే నాకు చెప్పిండు. రేపు పేర్లు పైకి పోతయ్. ఇదే ఆఖరు మస్టరు."

"పక్కింటి పెరట్ల ఉన్నడు" అన్నాను.

ఆ తర్వాత ఇల్లు దొరసాని చూడవలసిన ఇల్లు. మా ఆయన తమ్ముడి మొహం మీద చెంబుడు నీళ్ళు కొట్టాడు. పెట్టె బోర్లించాం. పలకలు, తువ్వాలలు, లోటాలు గదంతా పడ్డాయి. ఒక బూటు దొరికింది. అది మామది. మరిది వట్టి కాళ్ళతోనే బాయి దారి పట్టాడు. పొద్దు గుంకకముందే తిరిగొచ్చాడు.

"నా పేరు రెండుసార్లు పిలిచిండ్రట" అన్నాడు. అని గుమ్మం పక్కన కూర్చుని కాళ్ళకు దిగిన పల్లేరుకాయలు ఏరుకున్నాడు.

జాబితా అతను లేకుండానే పైకి పోయింది. శ్రీరాంపూర్ పిల్లను జాబితాలో పేరున్న ఇంకొక అబ్బాయికి ఇచ్చారు. దువ్వెన మళ్ళీ జేబుల సంచిలోకి పోయి చాలా రోజులు అక్కడే ఉంది.

అత్తమ్మ మర్నాడు వచ్చింది. సంగతంతా విన్నది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె గోడ ముందు నిలబడి, దొరసానిలాగే చేతులు కట్టుకుని చూసింది.

"ఇల్లు మంచిగనే ఉన్నది పిల్లా. ఎవలిది?"

నేను పీకేటప్పుడు వంగిపోయిన ఏడు మేకులూ నా ముందు పోసి, ఒక రాయి ఇచ్చి, సాపు చెయ్యమంది. మరిది మేకు కొట్టేటప్పుడు సుత్తి కూడా నాకే ఇచ్చింది. బొటనవేలు నలిగింది. "అమ్మా" అని కూడా అనలేదు నేను.

పోటీలో మాకు రెండో బహుమతి వచ్చింది, గాజు పూలకూజా. మా ఇంట్లో పూలెక్కడివి? అత్తమ్మ దాని మెడకు తాడు కట్టి ఎనిమిదో మేకు కొట్టి తగిలించింది. అందులో మామ బీడీలు ఉండేవి. టిఫిన్ క్యారియర్ వచ్చిన ఇంట్లో ముగ్గురే ఉంటారని తర్వాత తెలిసింది.

ఆ పైన ఏడాదికి పైగా మరిది బదిలీగానే తిరిగాడు. గోడ మీద డబ్బా వేలాడుతున్నా సరే, నేను స్వయంగా వెళ్ళి భుజం పట్టి కుదిపేదాన్ని. తువ్వాల కప్పి ఉన్నప్పుడు కూడా ఒకటి రెండుసార్లు లేపాను. "వదినె, ఇయ్యాల డ్యూటీ లేదు, నిన్ను చేతులెత్తి మొక్కుత" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

చివరికి పర్మినెంటు కాగితం వచ్చింది. సంతకాలు, ముద్రలు ఉన్న దళసరి కాగితం. ఇంటికి తెచ్చి ఎవరికీ చూపించలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, సద్ది డబ్బా తీసి కింద పెట్టి, కాగితాన్ని నడిమధ్యన గుచ్చి తన మేకుకు తగిలించాడు.

నేను కంగారుపడి పరుగెత్తాను. "అయ్యో, చిల్లు పడ్డది గద! పెట్టెల దాస్త, ఇటియ్యి."

అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే కేకేసింది.

"పెట్టె జోలికి పోకు పిల్లా. ఆడ్నే ఉండనియ్యి, కనవడనియ్యి."