మేడం అరచేతి వేడి

మా మేడం పోయారన్న వార్త మెట్ల దగ్గరి ప్లాస్టిక్ బకెట్‌లో మోగుతూ ఉంటే, మేం డాబా మీద ఆమె కోసమే ఎదురుచూస్తున్నాం. క్యాంపస్‌కు బయల్దేరబోతూ తార్నాకలోని ఇంట్లోనే కుప్పకూలారట. వాళ్ల తమ్ముడు మా అందరికీ వరసగా ఫోన్ చేశాడు. యాంటెన్నా దగ్గర ఫోన్ ఉండకూడదని బకెట్‌లో వేయించింది ఆమే. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నేను ఆమె దగ్గర ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. మీకూ నాకూ కనబడదు గానీ, విశ్వం తొలినాళ్లలో బయల్దేరిన వెలుగు చల్లారి చల్లారి, ఇప్పటికీ ఆకాశం నలుమూలల నుంచీ మన మీద పడుతూనే ఉంది. ఎటు చూసినా దాదాపు ఒకటే చలి. తేడా లక్షో వంతు. ఉపగ్రహాలు కొలిచిన ఆ తేడాల మీదే చాలావరకు మా పని. అయినా డాబా మీద రేకు గరాటాలాంటి యాంటెన్నాతో ఆ చలిని స్వయంగా కొలవనిదే మేడం ఎవరినీ కంప్యూటర్ ముట్టుకోనిచ్చేవారు కాదు.

కొలిచే ముందు గరాటా నోటికి అడ్డంగా తన అరచెయ్యి పెట్టేవారు. తెర మీద గీత గుట్టలా లేచేది. చెయ్యి తీశాక దిగితేనే యంత్రం బాగున్నట్టు. "చూసిన్రా, అది నా వేడి. ముందుగాల మనల్ని మనం తీసేసుకోవాలె. మిగిలిందే ఆకాశం" అనేవారు.

కోపం ముక్కు మీదే ఉండేది. జేబులో ఫోన్ కనబడితే ఇక్కడేమైనా పెళ్లి జరుగుతోందా అని కడిగేసేవారు. చల్లబడ్డాక విద్యానగర్ నుంచి మిర్చి బజ్జీలు తెప్పించేవారు. ఆ నూనె చేతులతో యాంటెన్నా ముట్టుకుంటే మళ్లీ మొదలు.

ఆ రోజు ఎంతకీ రాకపోయేసరికి, ఆమె చెయ్యి లేకుండా మొదలుపెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. కనుక్కుందామని నేను కిందికి దిగి, బకెట్‌లోంచి ఫోన్ తీసి మేడం నంబరుకు చేశాను. "అక్క లేదమ్మా. మీరెవ్వరు ఎత్తలే" అన్నాడు ఆమె తమ్ముడు. నిష్ఠూరంగా కూడా అనలేదు.

ఆమె పోయే ముందురోజు డాబా మీద తీసిన కొలతల్లో అక్కర్లేనివి ఏరేసే పని నాది. కొన్నాళ్లకు ఆ పనికి కూర్చున్నాను. నా థీసిస్‌లో ఆఖరి అధ్యాయం ఆ కొలతలతోనే పూర్తి కావాలి. గీత చదునుగా వస్తూ వస్తూ ఒకచోట లేచింది. అది మేడం చెయ్యి. కోసేయాలి. ఆమె నేర్పిన పద్ధతి అదే, కోయనిదే ఆకాశం కొలత తేలదు. ఆ గుట్ట మొదట్లో కర్సర్ పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

గీత చప్పున లేచింది, దిగడం మాత్రం మెల్లగా దిగింది. చెయ్యి తీయడానికి ఆ రోజు ఆమె తొందరపడలేదు.