నేలగుమ్మడి చిట్టెమ్మ

డుంబ్రిగుడ సంతకొచ్చే ఆడవాళ్లలో నేలగుమ్మడి చిట్టెమ్మను ఎరగనివాళ్లు లేరు. కొండవాలున నేలగుమ్మడి దుంప తవ్వుతుంది. తల భాగాన్ని తీగతో సహా మళ్లీ గుంటలో పాతి, మిగిలింది ఎండబెట్టి దంచి, వలిసె నూనెలో ముద్దగా కలిపి డబ్బాలకెత్తుతుంది. నెలసరి ఆగిన ఏడాది ముఖం పొడిబారి, దురదతో ప్రాణం విసిగిపోతే, ఈ ముద్దే తనను మళ్లీ మనిషిని చేసిందని ఆమె నమ్మకం. ఎవరైనా కాదంటే రోకలి పక్కన పెట్టి మరీ దెబ్బలాటకు దిగుతుంది.

కొత్త ముద్ద కలిపిన ప్రతిసారీ మొదటి చెయ్యి చెల్లెలు సోని ముఖానికే. అది వాళ్లమ్మ నేర్పిన అలవాటు. నిరుడు విశాఖలో సోనికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కూడా అది తప్పలేదు. ఊళ్లో మాత్రం కడుపులో రాళ్లు తీశారని చెప్పుకున్నారు. సోని అక్క చేత ఒట్టు వేయించుకుంది మరి.

ఒకరోజు మందులివ్వడానికొచ్చిన నర్సు గాయత్రి, చిట్టెమ్మ ముద్ద రాస్తుండగా చూసింది.

"పెద్దమ్మా, ఆగు. ఆ దుంపలో ఆడ హార్మోన్ లాంటి గుణం ఉంటాది. సోని పిన్నికొచ్చిన రకం జబ్బుకి ఆ హార్మోనే బలం. పైన రాస్తే లోపలికెంత పోతాదో నాకూ తెలీదు. డాక్టర్ని అడిగేవరకూ రాయకు."

చిట్టెమ్మకు ఒళ్లు మండింది. "మాయమ్మ రాసింది, నాను రాసాను. ఎవులికేటయింది?" అని అరిచింది. అరుస్తూనే తడిగుడ్డతో చెల్లెలి ముఖం తుడిచేసింది. పాపం, ఆ పూట అన్నం ముట్టలేదు. ఇన్నాళ్లూ తన చేత్తోనే చెల్లెలికి చేటు చేశానేమోనని ఆమె భయం.

సంతరోజు డబ్బాల ముందు కూర్చుందిగానీ ఒక్కటీ అందివ్వలేకపోయింది. కొనేవాళ్లను జబ్బు సంగతి అడగాలి. అడిగితే ఎందుకంటారు. చెబితే సోని గుట్టు బయటపడుతుంది.

"ఏటప్పా, డబ్బా ఇయ్యవేటి? బేగి ఎల్లాలి" అని ఒకామె చెయ్యి చాపింది. చిట్టెమ్మ డబ్బాను తనవైపు లాక్కుంది.

పక్కనే ఉన్న సోని కొంగు సర్దుకుని ముందుకు జరిగింది.

"నాకు తీసింది రాళ్లు కాదమ్మా, రొమ్ము. అందుకే మా అప్ప నాకిది రాయడం మానేసింది. నీకలాటి జబ్బేదైనా ఉంటే డాక్టర్ని అడిగి రా. నేకపోతే అట్టుకెళ్లు."

చిట్టెమ్మ ముక్కు ఎగబీల్చుకుని, సీసాలోంచి ఉత్త వలిసె నూనె అరచేతిలో పోసుకుంది. అందరూ చూస్తుండగానే చెల్లెలి ముఖానికి రాసింది. మొదటి చెయ్యి ఇప్పటికీ సోనికే.