నడిచి దిగని ఫల్గుణ

ఎగరడమంటే ఫల్గుణకున్న పిచ్చి అరకు కొండల్లో ఇంకెవరికీ లేదు. కాఫీ తోటలో పుట్టి పెరిగినవాడు. పారాగ్లైడింగ్ పైలట్ రవికుమార్‌కు సంచులు మోసి, ఆయన దగ్గరే విద్య నేర్చాడు. మనుషుల్ని తనతో కట్టుకొని ఎగరడం రవికుమార్ వృత్తి. ఫల్గుణది సరదా, ఒంటరిగా ఎగరడానికే అనుమతి. అయినా "ఆయన కంటే నేనేటి తక్కువ?" అని ఊరంతా కోతలు కోసేవాడు. కోతలకేం, పన్నా పాడా!

చైత్రంలో కొండల్లో చేసే వేట పండగ, ఇటుకల పండగ వచ్చింది. ఆ రోజుల్లో వేటకెళ్లినవాడు వట్టి చేతులతో కొండ దిగితే ఆడవాళ్లు దారికాసి పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఎగురుతానని వెళ్లి కాళ్లతో దిగొచ్చేవాణ్ణీ ఫల్గుణ మరదళ్లు ఆ జాబితాలోనే కలిపేశారు.

ఆ మధ్యాహ్నం ఫల్గుణ భార్య గాయత్రిని ఎక్కించుకొని, పైనుంచి వాళ్ల తోట చూపిస్తానన్నాడు రవికుమార్. తీరా ముగ్గురూ కొండెక్కాక గాలి సుళ్లు తిరుగుతోంది. "ఇవాళ వద్దమ్మా" అని గొడుగులాంటి ఆ గుడ్డ రెక్క మడిచి, కొండ మీది షెడ్డులో పెట్టి, తను ముందుగా నడిచి దిగాడు. కింద నెత్తిన పేడనీళ్లు పడితే నవ్వుతూ తుడుచుకున్నాడు. గాయత్రితో పైనే ఉండి చూస్తున్న ఫల్గుణకు ఒళ్లు మండింది. రోజూ ఎగిరేవాడు ఇంత గాలికే తోక ముడిచాడా! అసలు విద్యంతా ఆ మడవడంలోనే ఉందని ఆ వెర్రిబాగులవాడికి ఎవరు చెప్పాలి? వెళ్లి ఆ రెక్క బయటికి లాగాడు.

"నడిసే పోదాం మావా. పేడనీల్లు సల్లితే సల్లనీ, కడుక్కుంటే పోద్ది" అంది గాయత్రి.

"మరదళ్ల ముందు నా పరువేటవ్వాల? కట్టుకో బేగి!"

కట్టుకుంది పిచ్చితల్లి. పట్టుమని పది బారలు పోలేదు, రెక్క ఒక పక్క ముడుచుకుపోయింది. ఇద్దరూ రాళ్ల మీద పడ్డారు. ఫల్గుణకు చెయ్యి విరిగింది. గాయత్రికి నడుము విరిగింది. ఇక నడవలేదని డాక్టరు చెప్పేశాడు.

ఆస్పత్రిలో ఫల్గుణ తల్లి అప్పలనర్సమ్మ గుండెలు బాదుకుంది.

"నా కోడలి బతుకు బుగ్గి సేసినావు కదరా!"

"మావని తిట్టకత్తా. తను వద్దనే అన్నాడు. నేనే మొండికేసి ఎక్కినాను" అంది గాయత్రి.

"కాదమ్మా" అనాలి ఫల్గుణ. మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో మరదళ్లున్నారు, వాళ్ల వెనక రవికుమార్ ఉన్నాడు.

"నిజవేనేటిరా?" అంది తల్లి.

ఫల్గుణ అవునని తలూపాడు.

గాయత్రి గోడవైపు తిరిగి పడుకోబోయింది. తిరగలేకపోయింది.