పేరు కొట్టించని స్టీలు డబ్బా

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. కానీ పెట్టిన డబ్బా మూడోసారి కూడా ఎత్తుకుపోతే ఎవరికి రాదో చెప్పండి!

ముందు ఆ డబ్బా సంగతి చెప్పాలి. 2000 దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీలో కొలతలు తీసే ఉద్యోగం చేసేవారు. ఆయన దగ్గర అరచేతిలో పట్టే జీపీఎస్ యంత్రం ఉండేది. నిలబడిన చోటు అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చూపిస్తుంది. ఆదివారం ఇంటికి తెచ్చేవారు. ఆ యంత్రంతో ప్రపంచమంతా ఆడే ఆట ఒకటుందని ఇంటర్నెట్ సెంటర్లో చూశాను. జియోకాషింగ్ అంటారు. ఒక డబ్బాలో పుస్తకం, నాలుగు చిన్న వస్తువులు పెట్టి ఎక్కడో దాచాలి. ఆ చోటు అంకెలు వెబ్‌సైట్లో పెట్టాలి. ముక్కూమొహం తెలియని వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, పుస్తకంలో సంతకం చేసి, మళ్లీ అక్కడే పెట్టి పోతారు. అంతే ఆట. అమెరికాలో ఉన్నాయి, జపాన్‌లో ఉన్నాయి, మా మిరప చేల వైపు మాత్రం ఒక్కటీ లేదు. మనకేం తక్కువ అనిపించింది.

"ఎక్కడ పెడదాం నాన్నా?" అనడిగితే మా నాన్న ఒక్క క్షణం ఆలోచించలేదు.

"ఇంకెక్కడే, మూడూళ్ల రాయి దగ్గర."

మా నాన్న సర్వేయర్ల వెంట గొలుసు మోసిన చైన్‌మన్. ముప్పై ఏళ్లు ఎండలో ఆ ఇనప గొలుసు ఈడ్చాడు. అది జానెడు అటూఇటూ అయితే అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటారని, ఒక్కరోజు కూడా సడలనివ్వలేదు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట బండ్లు నడిచే డొంక పక్కన పాతిన రాయికి గుంట తవ్వింది తనే. పటాల మీద సంతకాలు మాత్రం ఎప్పుడూ సర్వేయర్లవే. అసలు మా నాన్నకి నలభై దాటేదాకా సంతకమే రాదు, వేలిముద్రే. నేను ఏడో తరగతిలో ఉండగా, పలక మీద చెయ్యి పట్టి దిద్దించి నేర్పాను. నేర్చుకున్నాక కూడా ఆయన పెట్టిన సంతకాలన్నీ ఆఫీసు కాయితాలతోనే పోయాయి.

డబ్బా పెట్టిన రోజు మా ఆయన యంత్రం చూసి అంకెలు చెబుతుంటే, నాన్న నవ్వాడు. "నా గొలుసుకన్నా కరెక్టంటావా అల్లుడూ?" అన్నాడు. పుస్తకం మొదటి పేజీలో మొదటి సంతకం ఆయన చేతే పెట్టించాను. అక్షరాలు ఒకటి పైకెక్కి ఒకటి కిందికి దిగి ఉంటాయి. పెట్టాక పుస్తకాన్ని చేతులు చాచి పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. అదే పేజీ కింద నేను మూడు నియమాలు పెద్దక్షరాలతో రాశాను. దొరికినవాళ్లు సంతకం పెట్టండి. లోపల ఏదైనా తీసుకుంటే బదులు ఇంకొకటి పెట్టండి. డబ్బా మళ్లీ ఇక్కడే పెట్టండి.

మొదట పెట్టింది మిఠాయిల ప్లాస్టిక్ డబ్బా. వారం తిరక్కుండా మాయమైంది. పుస్తకాన్ని మాత్రం కవర్లో చుట్టి రాయి కిందే వదిలారు, పుణ్యాత్ములు. రెండోసారి బిగుతు మూత డబ్బా పెడితే, అది తీసుకుని, మూత పగిలిన సున్నం డబ్బా పెట్టారు. మా ఆయనకి నవ్వు. "నీ డబ్బాలతో చుట్టుపక్కల వంటిళ్లన్నీ నిండుతున్నాయి" అనేవారు. నాకు ఒళ్లు మండి, గుంటూరు వెళ్లి క్లిప్పులున్న స్టీలు డబ్బా కొన్నాను. కొట్టువాడు కరెంటు పెన్ను చేతిలో పట్టుకుని, "పేరేం కొట్టమంటారు మేడమ్?" అన్నాడు. మా వైపు స్టీలు సామాను కొంటే పేరు కొట్టించకుండా కొట్టు దిగరు. పెళ్లిలో పంచిన గిన్నె మీద కూడా ఇచ్చినవాళ్ల పేరు, ఊరు ఉంటాయి. "ఏ పేరూ వద్దు, ఇది అందరిదీ" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

ఆ తర్వాత వానాకాలంలో నాన్న పోయాడు.

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒకతను మెయిల్ పెట్టాడు. ఆదివారం మీ డబ్బా వెతకడానికి వస్తున్నాను అని. అంతదూరం నుంచి మా రాయి కోసం మనిషి వస్తున్నాడు! ఒకసారి చూసివద్దామని శుక్రవారం బడి అవగానే డొంకలోకి వెళ్లాను. డబ్బా కనపడకుండా పేర్చిన రాళ్లు తీశాను. స్టీలు డబ్బా లేదు. దాని బదులు సొట్టలు పడ్డ సత్తు టిఫిన్ డబ్బా ఉంది. తెరిచాను. నేను పెట్టిన రిబ్బన్లు, గోళీలు ఉన్నాయి. బలపాల పెట్టె లేదు, ఆ చోట గుప్పెడు ఎండుమిరపకాయలు. పుస్తకం లేదు.

డబ్బా పోతే ఇంకోటి కొంటాను. నాన్న చేతిరాత ఇంకెక్కడ కొనను? ఆయనది ఒక్క అక్షరం కూడా ఇంట్లో లేదు. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. పుస్తకం ఎత్తుకుపోయి, పైగా మిరపకాయలు పెట్టి వెక్కిరింతా? డబ్బా తిప్పి చూద్దును కదా, మూత మీద చుక్కలు చుక్కలుగా ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరుతో సహా, కింద ఊరు. మార్టూరు దగ్గర పల్లె. దొంగే తన చిరునామా ఇచ్చిపోయిందిరా బాబూ అనుకున్నాను.

శనివారం సెలవు పెట్టి మార్టూరు బస్సెక్కాను. దారంతా ఏమేం అడగాలో మనసులో వల్లించుకుంటూనే ఉన్నాను. పల్లెలో ఆ పేరు చెబితే ఇల్లు చూపించారు. వాకిట్లో యాభై ఏళ్ల మనిషి నేల మీద కూర్చుని ఉంది. ముందు రోజే మిరప కోతల నుంచి కూలీల ముఠాతో తిరిగొచ్చిందట. నేను గుమ్మంలోనే సత్తు డబ్బా పైకెత్తి చూపించాను.

"ఇది నీదేనా?"

"నాదే. పేరుంది, కనపట్లా?"

"నా స్టీలు డబ్బా ఎత్తుకొచ్చి, ఇంత ధీమాగా చెబుతున్నావా?"

"ఎవురమ్మా ఎత్తుకొచ్చింది?" ఆమె నాకంటే గట్టిగా అరిచింది. "దొంగదైతే ఊరూ పేరూ ఉన్న డబ్బా పెట్టొస్తదా? బుర్రుండే అడుగుతున్నావా? కొత్త స్టీలు డబ్బా, పేరన్నా కొట్టించకుండా, ఎవురైనా చేలో పెట్టిపోతారా? పేరు లేని సామాను ఎవురిదని అనుకోవాలి?"

నేను తేరుకునేలోపే మళ్లీ అందుకుంది. "మా కోడలు నీ పుస్తకంలో రాసింది చదివింది. తీసుకుంటే బదులు పెట్టమన్నావు. డబ్బా తీసుకున్నా, డబ్బా పెట్టా. బలపాలు తీసుకున్నా, కాయలు పెట్టా. తాలుకాయలు కాదు తల్లీ, ఏరి ఏరి పెట్టా."

లెక్కల టీచర్ని. ఎటునుంచి చూసినా లెక్క సరిపోయింది. అయినా ఊరుకుంటానా?

"మరి పుస్తకం? దాని బదులు ఏం పెట్టావు?"

"పుస్తకం తీసుకోలా" అంది, గొంతు తగ్గించి. "సంతకం పెట్టమన్నావు గదా. నాకు రాదు. నేర్చుకుని పెడదామని తెచ్చా. పేరున్న డబ్బా ఆడుంది, కావాల్సినోళ్లు వస్తార్లే అనుకున్నా."

అప్పుడు చూశాను ఆమె ముందున్నది. పాలిషింగ్ యూనిట్లలో పనికిరాదని పారేసిన నల్ల గ్రానైట్ పలక. దానినిండా బలపంతో ఒకే పేరు, పదిసార్లో ఇరవైసార్లో. పక్కన పీట మీద, ఉతికిన గుడ్డలో చుట్టి, నా పుస్తకం.

"మా ముఠాలో ఆడోళ్లంతా వేలిముద్రలేద్దామన్నారు" అంటూ ఆమె మొదటి పేజీ తీసింది. "నేనొద్దన్నా. ఈ పైనున్నాయన సంతకం చూడు. అచ్చరాలు ఎక్కుతున్నయ్యి, దిగుతున్నయ్యి. చదువుకున్నోడి రాత కాదిది. అయినా పెట్టాడు గదా! ఆయన నేర్చుకోంగా లేంది నాకేం రోగం?"

"ఆయన మా నాన్న" అన్నాను. ఆమె నా మొహం చూసి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆమెకి ఒక ఒత్తు దగ్గర చెయ్యి ఆగిపోతోంది. చివర తిప్పబోతే పక్కకి జారుతోంది. నేను చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా నాన్న చెయ్యి గొలుసుకి కాయలు కాసి ఉండేది. ఈమె వేళ్లు కాయలు కోసి కోసి పగిలి ఉన్నాయి. రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసి, పొద్దువాలేవేళకి చెయ్యి తిరిగింది. పెన్ను తీసుకుని, ఊపిరి బిగబట్టి, మా నాన్న సంతకం కిందే పెట్టింది.

"బాగుందా?"

"మా నాన్నదానికన్నా బాగుంది" అన్నాను. నిజమే చెప్పాను, నాన్న వింటే మాత్రం ఒప్పుకోడు.

స్టీలు డబ్బా తోమి తెచ్చి ఇవ్వబోతే నేను తీసుకోలేదు. "బదులు పెట్టావుగా, ఇక అది నీదే. ముందు పేరు కొట్టించుకో" అన్నాను. ఆమె పగలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే పుస్తకం కొత్త కవర్లో పెట్టి, ఆ సత్తు డబ్బానే మళ్లీ రాయి దగ్గర పెట్టాను. ఆ తర్వాత ఎన్ని కోతలు అయినా, ఎన్ని ముఠాలు ఆ డొంకలో నడిచినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా వైపు పేరున్న సామాను ఎవరూ తీయరు. ఇంత చదివీ నాకు తట్టని సంగతి అది.

ఆ ఆదివారమే హైదరాబాద్ కుర్రాడు రానే వచ్చాడు. నేనూ మా ఆయనా దూరంగా నిలబడ్డాం. యంత్రం పట్టుకుని మిరప చేను చుట్టూ రెండుసార్లు తిరిగాడు, తుమ్మాడు, కళ్లు తుడుచుకున్నాడు, చివరికి రాయి దగ్గరికి చేరాడు. డబ్బా చూసి చిన్నపిల్లాడిలా గెంతాడు. సంతకం పెట్టాక మమ్మల్ని చూసి, దగ్గరికొచ్చి అడిగాడు.

"డబ్బా మీద ఈ పేరు ఎవరిదండీ? మీదేనా?"

"కాదు. డబ్బా ఆవిడది, రాయి మా నాన్నది" అన్నాను.

మరి మీదేమిటని అతను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, అతని సంతకానికి పైనున్న ఆ రెండూ నేను చెయ్యి పట్టి నేర్పినవేనని.