దేవదానం గారి డ్రమ్ముకి నేను చేసిన మరమ్మతు

మనిషన్నాక తప్పులు చేస్తాడు. చాలామంది చిన్న చిన్నవి చేసి, వాటిని మరిచిపోయి హాయిగా బతికేస్తారు. నాకంత అదృష్టం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో నేనొక పెద్ద డ్రమ్మును బాగుచేశాను. బాగుచేశాను అన్న మాటని మీరు అప్పుడే నమ్మేయకండి. రెడ్డిగూడెంలో, మగపెళ్లివారి ఎదుట, నడిరోడ్డు మీద నా పనితనం ఎలా బయటపడిందో విన్నాక నమ్మాలో వద్దో మీ ఇష్టం.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. నాన్న తోటలు తిరిగి కాపు కొనేవాడు. నరసమ్మ అనే పెద్దావిడ కాయలు మాగవేసే గదిని ఏలేది. నేను వ్యాపారం నేర్చుకుంటున్నానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. నిజానికి నా పనల్లా కాయల పెట్టెల మీద ఊళ్ల పేర్లు పెయింటుతో రాయడం. రెండేళ్లు రాసేసరికి పెయింటు గురించి నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదని నమ్మకం కుదిరింది. బెజవాడ అని వంకర లేకుండా రాయగలిగినవాడికి ఇంకేం విద్య కావాలి, మీరే చెప్పండి.

దేవదానం గారు మా ఊరి బ్యాండు మాస్టారు. ఆయన డ్రమ్ సెట్టు మేనమామ కాలం నాటిది. బందరులో ఎవరో దొర స్వదేశం వెళ్లిపోతూ ఆ మేనమామ చేతిలో పెట్టి పోయాడట. సైడు డ్రమ్ము మాస్టారే వాయిస్తారు. పెద్ద డ్రమ్మును ఆయన తమ్ముడు యోహాను మెడకి తగిలించుకుని బాదుతాడు. అది ఎన్ని ఎండలు, ఎన్ని వానలు చూసిందో గాని, పైన రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, గజ్జి పట్టిన గేదెలా ఉండేది.

ఒక సోమవారం పొద్దున మాస్టారు మా కొట్టుకి వచ్చి దిగాలుగా కూర్చున్నారు. రెడ్డిగూడెంలో పెద్ద తోటల ఆసామి వెంకట్రామయ్య గారి అమ్మాయి పెళ్లికి ఈయన బ్యాండే కుదిరింది. తీరా ఆయన డ్రమ్మును కళ్లారా చూసి, ఉంగుటూరు నుంచి మగపెళ్లివారు వస్తుంటే ఈ దరిద్రాన్ని ఎదురు పంపమంటావా అన్నారట. శుక్రవారానికి అది చూడదగ్గట్టు ఉండాలి, లేకపోతే బెజవాడ బ్యాండుని పిలిపిస్తానని చెప్పేశారట. ఆ ఇంటివాళ్లు వద్దన్న బ్యాండుని చుట్టుపక్కల ఇంకెవరూ పిలవరు. ఎనిమిది మంది మనుషులు వాయిద్యాలు మూలన పడేసి బళ్లకి కాయలెత్తడానికి పోవాల్సిందే.

అలాంటి సమయంలో బుద్ధున్నవాడు మంచి పనివాణ్ణి చూపిస్తాడు. నేను నన్ను చూపించుకున్నాను.

"మీకు పెయింటు పని వచ్చా బాబూ?" అని అడిగారు మాస్టారు.

"రెండేళ్ల నుంచి అదేగా నా పని."

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే ఆయన నమ్మారు, పాపం.

మధ్యాహ్నానికల్లా డ్రమ్మును విప్పేశాను. తాళ్లు విప్పి, రెండు వైపులా తోళ్లు తీసి, గాజుపెంకుతో పాత రంగంతా గీకాను. కింద నుంచి ఎర్రటి చెక్క బయటపడింది. నునుపుగా, నీళ్లలో గీసినట్టు సన్నటి గీతలతో ఎంత అందంగా ఉందో. మాస్టారు దాన్ని అరచేత్తో నిమిరి, ఇదిలాగే బాగుంది బాబూ, కాస్త వార్నీషు పూస్తే చాలదా అన్నారు. నేను నవ్వాను. తెలియనివాళ్లు మాట్లాడితే తెలిసినవాళ్లు నవ్వే నవ్వు అది. పెళ్లికి వెళ్లే డ్రమ్ము చెక్కలా ఉంటే ఎలాగండీ, దూరం నుంచే బంగినపల్లి పండులా మెరిసిపోవాలి అని తీర్పు చెప్పి, పసుపు పెయింటు డబ్బా మూత తీశాను.

బయట మూడు పూతలు వేశాను. చేయి ఆగక లోపల కూడా రెండు వేశాను. డ్రమ్ము లోపల ఎవరు చూస్తారని మీరు అడుగుతారు. అప్పుడు ఎవరూ అడగలేదు. సైడు డ్రమ్ముకున్న ఇత్తడి కట్లకి కూడా ఇత్తడి రంగు పూశాను. తర్వాత పెద్దదానికి ఒక పక్క పాత తోలే బిగించి, రెండో పక్కకి కొత్త తోలు నానబెట్టి, గొప్ప పని చేసినవాడిలా భోజనానికి పోయాను. నాన్న పెరట్లోకి వచ్చి చూసి, ఇంకా ఏమేం పాడుచెయ్యాలనుకుంటున్నావురా అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు.

వేసవని కూడా చూడకుండా మంగళవారం ముసురు పట్టింది. బుధవారం కూడా వదల్లేదు. పెయింటు ఆరదే! వేలు పెడితే వేలికి అంటుకుంటోంది, చూస్తూ ఊరుకుంటే ఈగలు అంటుకుంటున్నాయి. మాస్టారు పూటకోసారి వచ్చి, డ్రమ్మును చూసి వెళ్లిపోతున్నారు. తిట్టినా బాగుండేది.

అప్పుడు తట్టిందండీ నాకు ఆ దివ్యమైన ఆలోచన. పచ్చికాయని నాలుగు రోజుల్లో పండు చేసే గది ఇంట్లో పెట్టుకుని పెయింటు ఆరడం లేదని ఏడవడమేమిటి? ఆ గదికి కిటికీ ఉండదు. నేల నిండా వరిగడ్డి, గడ్డిలో కాయలు. తలుపు తీస్తే కొలిమి దగ్గరికి వెళ్లినట్టు వేడి మొహానికి కొడుతుంది. ఆ వేడిలో ఎంత చెమ్మ ఉంటుందో మామిడికాయల ఇంట్లో పుట్టిన నాకు తెలియాలి. తెలుసు కూడా. తెలిసిన సంగతి సమయానికి గుర్తు రాకపోవడమే నా ప్రత్యేకత. నరసమ్మ అన్నానికి వెళ్లిన సందు చూసి, డ్రమ్మును తోలున్న వైపు కిందికి పెట్టి, గది మూలన దించేశాను. చెమ్మ పీలుస్తుందని లోపల రెండు గుప్పెళ్ల గడ్డి కూడా వేసి వచ్చాను.

నరసమ్మకి ఆ గదిలో ఒకటే నియమం, ఖాళీ బుట్ట కనబడకూడదు. ఆవిడ తిరిగొచ్చి చూసింది. గుండ్రంగా ఉంది, అడుగుంది, మూత లేదు, లోపల గడ్డి కూడా వేసుంది. కొత్త రకం బుట్ట కాబోలనుకుంది. ఒక వరస అప్పటికే దోరమాగిన చిన్నరసాలు, ఒక వరస గడ్డి, మళ్లీ రసాలు, మళ్లీ గడ్డి పేర్చి, పైన ఇంత మందాన గడ్డి కప్పేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆవిణ్ణి ఏమీ అనడానికి లేదు. తన పని తాను సరిగ్గా చేసిన మనిషి ఆ మొత్తం వ్యవహారంలో ఆవిడొక్కతే.

శుక్రవారం పొద్దున వెళ్లి చూస్తే పెయింటు ఆరలేదు సరికదా, డ్రమ్ము చుట్టూ గడ్డి అంటుకుని బొచ్చు మొలిచినట్టుంది. ఊడినంత పీకి, ఊడనిది డిజైను అనుకున్నాను. లోపల గడ్డి నిండుగా కనిపించింది. నేను వేసిన గడ్డే కదా, అంటుకుపోయి ఉంటుంది, లాగితే రంగు ఊడుతుందని దాన్ని తాకనైనా తాకలేదు. రెండు గుప్పెళ్ల గడ్డి అంతెలా పెరిగిందన్న అనుమానం చదువుకున్నవాడికి ఎందుకొస్తుంది? నానిన కొత్త తోలు పైన పరిచి, తాళ్లు బిగించి, ఇద్దరు మనుషులతో జట్కా ఎక్కించాను.

రెడ్డిగూడెంలో యోహాను దాన్ని మెడకి తగిలించుకోగానే ముందుకి ఒరిగిపోయాడు. ఇంత బరువేంటండీ అని అడిగాడు. మంచి పెయింటు బరువుగానే ఉంటుందని చెప్పాను. అతను మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నా వైపు చూశారు. నేను పందిరి వైపు చూశాను.

సాయంత్రం మగపెళ్లివారు బళ్లు దిగారు. వెంకట్రామయ్య గారు పట్టు కండువాతో ఎదురు నిలబడి, డ్రమ్ము పసుపు రంగుని దూరం నుంచి చూసి పర్వాలేదన్నట్టు తలూపారు. మాస్టారు సైడు డ్రమ్ము అందుకున్నారు. యోహాను కర్ర ఎత్తి ఒక్కటి వేశాడు. డ్రమ్ము మోగలేదు. మెత్తగా, పరుపు మీద గుద్దినట్టు ఒక చప్పుడొచ్చింది. మగపెళ్లివారిలో ఒకాయన, బండిలోంచి బస్తా ఏదైనా పడిందేమో చూడండర్రా అన్నాడు. మాస్టారి మొహం తెల్లబోయింది. ఆ మొహం చూస్తుంటే ఆ గజ్జి డ్రమ్మునే ఉండనిచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

యోహాను మంచివాడు. ఉన్న బలమంతా పెట్టి రెండోది వేశాడు. రెండు రోజులు చెమ్మలో, మామిడి సొనలో నానిన పాత తోలు అడ్డంగా చిరిగింది. చిన్నరసాలు నడిరోడ్డు మీదికి దొర్లాయి. పది కాదు, ఇరవై కాదు. పండినవి, పగిలినవి, గడ్డితో సహా పెళ్లికొడుకు తండ్రి చెప్పుల దాకా దొర్లాయి. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. పారిపోవడానికి దారెటుందా అని నేను వెతుక్కుంటున్నాను.

పెళ్లికొడుకు నాయనమ్మ వంగి ఒక పండు తీసుకుని వాసన చూసింది.

"రసాలర్రా! ఇంత మర్యాద ఏ వియ్యంకుడు చేశాడు?" అంది.

అంతే, మగపెళ్లివారంతా పళ్ల మీద పడ్డారు. ఆ క్షణం దాకా నా పీక నొక్కడానికి చేతులు సవరించుకుంటున్న వెంకట్రామయ్య గారు కండువా సర్దుకుని, మా తోటల వైపు ఇది అలవాటేనండీ అని చిరునవ్వు నవ్వారు.

పెళ్లి భోజనాలు అయ్యేలోపు మాస్టారికి ఇంకో నాలుగు పెళ్లిళ్లు కుదిరాయి. అందరిదీ ఒకటే షరతు, పళ్లు రాలే డ్రమ్మే కావాలి. మర్నాడు మాస్టారు మా కొట్టుకి వచ్చారు. మీ బ్యాండు నిలబడిందిగా అని నేను వెకిలిగా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ముప్పై ఏళ్ల నుంచి వాయిస్తున్నాను బాబూ. బాగుందని ఒక్కరూ అన్లేదు. నిన్న నలుగురన్నారు, పళ్లు బాగున్నాయని."

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. ఏం చేయమంటారు మాస్టారూ అని అడిగాను.

"కాయలు మీరే సర్దండి. కానీ ముందు నేను వాయిస్తాను. నా వాయింపు అయ్యాకే పళ్లు పడాలి."

అలాగే చేశాం. డ్రమ్ముకి ఒక పక్క తోలు తీసేసి గుడ్డ కట్టి, తాడు లాగితే ఊడేలా పెట్టాం. పళ్లెప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు కనుక జనం కదలకుండా, మాట్లాడకుండా, కళ్లార్పకుండా నిలబడేవారు. మాస్టారు సైడు డ్రమ్ము మీద అరగంట వాయించేవారు. అలా వాయిస్తారని ఆయన ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. బాపులపాడులో ఒక పెళ్లిలో పెద్దమనిషి ఒకాయన తాడు లాగబోతున్న నా చెయ్యి పట్టుకుని, ఉండవయ్యా, ఆయన్ని వాయించనీ అన్నాడు. పళ్లు డ్రమ్ములోనే ఉండిపోయాయి. మాస్టారు తల వంచుకుని వాయిస్తూనే ఉన్నారు, చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా.

ఆ రాత్రే నూజివీడు తిరిగొచ్చి, పసుపు పెయింటు డబ్బా ముందు నిలబడి, నరసమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ వాయిద్యానికీ మరమ్మతు చేయను, తోలున్న వస్తువు దేన్నీ మాగవేయను, ఎవరైనా చెక్క బాగుందంటే నవ్వను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అయినా నన్ను మరమ్మతు చేయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకోండి.